చనిపోయిన ఎమిల్‌కి ఎనిమిది గంటల చదువు

మౌల్టన్, టెక్సాస్
9 మే 2011

లాడ్డీ బాబాయ్‌కి,

పది రోజులు చేపలు పట్టుకుని వచ్చేస్తానని ఫిబ్రవరిలో వెళ్ళావు. మే వచ్చింది. సముద్రంలో చేపలు అయిపోయాయో లేదో నాకు తెలీదు గానీ ఇక్కడ నా ఓపిక మాత్రం అయిపోయింది. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. ముప్పై ఏళ్ళపాటు ఆ చెవుల్ని కంప్రెసర్లకి ధారపోశావు. వచ్చి మాట్లాడదామంటే, ఎవరూ నా వెనకాల రావద్దని అమ్మతో చెప్పి మరీ వెళ్ళావు. అందుకే ఈ ఉత్తరం.

సంగతేమిటంటే, నాన్న పోయాక మన ఏసీ రిపేరు షాపు నీ లైసెన్సు మీదే నడుస్తోంది. ఆ లైసెన్సు జూలై పదిహేనుతో అయిపోతుంది. ఏటేటా ఉండేదే, ఎనిమిది గంటలు క్లాసులో కూర్చుంటే తప్ప రాష్ట్రం వాళ్ళు రెన్యూ చెయ్యరు. లైసెన్సు పోయిందంటే మనం ఎవరింట్లోనూ ఏసీ మూత కూడా విప్పకూడదు. నా సొంత లైసెన్సుకి పరీక్ష రాయాలంటే ఇంకో ఏడాది అనుభవం కావాలి. బాంకు ఉద్యోగం ఇంకాస్త ముందే మానేసి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

జూన్ నాలుగు, శనివారం, విక్టోరియాలో క్లాసు. ఎప్పుడూ నువ్వూ నాన్నా వెళ్ళే ఆ హోటల్లోనే. నీ పేరు రాయించేశాను. నువ్వు వెళ్ళి కూర్చుంటే చాలు.

ఇక్కడ చినుకు లేదు. గడ్డి ఎండిపోయి పశువుల్ని అమ్ముకుంటున్నారు. మనకి మాత్రం ఊపిరాడనంత పని. నిన్న ఎవరో వచ్చి షాపు కొలతలు తీసుకుని వెళ్ళారు, ఆ సంగతి ఎండలు తగ్గాక తేలుస్తాను. అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది. నేను అడగలేదు, నాకు కోపంగా ఉంది.

నీ డోరీన్


పోర్ట్ ఓకానర్
17 మే 2011

డోరీన్ తల్లికి,

నీ ఉత్తరం అందింది. ఎరల కొట్టు వెనకాల ఒక చిన్న ట్రైలర్ ఇల్లు అద్దెకి తీసుకుని ఉంటున్నాను. కొట్టువాడి కుక్క నీ కవరు మూల కొరికేసింది కానీ అక్షరాలు పోలేదు.

తల్లీ, నన్ను నువ్వు చిన్నప్పట్నించీ చూస్తున్నావు. నాతో డొంకతిరుగుడు ఎందుకు? షాపు అమ్మేస్తున్నావన్నమాట. కొలతలు కూడా అయిపోయాయి. కొనేవాడికి లైసెన్సుతో సహా అప్పగిస్తే మంచి బేరం వస్తుంది కాబట్టి నేను బడికెళ్ళి కూర్చోవాలి. అంతేగా? మా అన్న ఎమిల్ పోయి ఆరు నెలలన్నా కాలేదు. నిన్ను తప్పుపట్టడం లేదు, షాపు మీ నాన్నది, నీ ఇష్టం. కానీ కొలతలు తీసేముందు ఒక్క ముక్క రాస్తే నా మనసు ఇంత కష్టపడేది కాదు.

క్లాసుకి వెళ్తాన్లే. నువ్వు అడిగావు కాబట్టి వెళ్తాను. మీ అమ్మని మందులు వేళకి వేసుకోమను. ఇక్కడ ఎర్రచేప బాగా పడుతోంది, తినేవాళ్ళే లేరు.

లాడ్డీ


మౌల్టన్
23 మే 2011

బాబాయ్,

కప్పు! కప్పు! షాపు పైకప్పు! వాన లేకపోయినా పడినప్పుడు కారుతుందిగా, దాని రేకులు మార్చడానికి కొలతలు తీసుకున్నారు. షాపు అమ్మడమేమిటి, నీకేమన్నా మతిపోయిందా? నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపిస్తే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "వాడు చిన్నప్పుడూ ఇంతే, సగం విని మిగతాది అల్లుకునేవాడు" అంది. ఇప్పుడు సగం కూడా వినకుండా అల్లుతున్నావు.

సరే, క్లాసుకి వెళ్తానన్నావు, అదే పదివేలు. వెళ్ళగానే గుమ్మం దగ్గర ఒక కాగితం ఇస్తారు. అందులో పేరూ లైసెన్సు నంబరూ రాయాలి. నంబరు తప్పు లేకుండా రాయి బాబాయ్. వాళ్ళు కంప్యూటర్లో ఎక్కించేది ఆ నంబరునే, పేరు ఎవరూ చూడరు. ముందు వరసలో కూర్చో, మాస్టారు పెదాలు కనపడతాయి. కునుకు తియ్యకు.

ఎర్రచేప తినేవాళ్ళు ఇక్కడున్నారు. తెచ్చేవాళ్ళే లేరు.

డోరీన్


పోర్ట్ ఓకానర్
6 జూన్ 2011

డోరీన్ తల్లికి,

కప్పు అని ముందే రాయొచ్చుగా.

పోనీలే. క్లాసుకి వెళ్ళొచ్చాను. ఎమిల్ ట్రక్కులోనే వెళ్ళాను, విక్టోరియా చేరేదాకా బాగానే లాగింది. హోటల్ వాళ్ళు హాలుకి కొత్త తివాచీ వేశారు. కాఫీ మాత్రం పాతదే. మాస్టారు లావుపాటి మనిషి, మీసం కిందకి దిగి పెదాలు మూసేసింది. ముందు వరసలో కూర్చున్నా ఏమీ లాభం లేకపోయింది. తెర మీద పడే అక్షరాలు చదువుకున్నాను. ఏసీల్లో నింపే పాత గ్యాసు కరువైపోతోందట, కొత్తదానికి గొట్టాలు అన్నీ మార్చాలట. ఒక గంట మొత్తం చట్టాలు. వినపడి ఉంటే నిద్రొచ్చేది, వినపడక మెలకువగానే ఉన్నాను.

గొంజాలెస్ నించీ కువేరో నించీ మన ఏసీ పనివాళ్ళు చాలామంది వచ్చారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకాయన నా భుజం మీద చెయ్యేసి "మీ అన్నగారు రాలేదేం?" అన్నాడు. ఆయన పెదాలు స్పష్టంగానే కనపడ్డాయి. నేను వినపడనట్టు ఊరుకుని ఇంకో ముక్క మాంసం వడ్డించుకున్నాను. ఎవరూ కూర్చోకుండా నా పక్క కుర్చీలో టోపీ పెట్టాను.

కాగితం నేనే నింపాను. నంబరు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని రాశాను. నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాను. ఇక నన్ను కొన్నాళ్ళు ఇక్కడ ఉండనివ్వు.

లాడ్డీ


మౌల్టన్
20 జూన్ 2011

బాబాయ్,

ఇది వేళాకోళమైతే నాకు నవ్వు రాలేదు.

శుక్రవారం టపాలో సర్టిఫికెట్ వచ్చింది. అమ్మ విప్పింది. "శ్రీ ఎమిల్ కుబేనాగారు ఈ సంవత్సరానికి ఎనిమిది గంటల శిక్షణ విజయవంతంగా పూర్తిచేసినందుకు అభినందనలు" అని రాసి ఉంది, కింద నీలం ముద్రతో సహా. అమ్మ అది పట్టుకుని వంటింట్లో కూర్చుండిపోయింది. నేను వెళ్ళేసరికి నా వైపు చూసి "ఎప్పుడెళ్ళాడే?" అంది. ఒక్క క్షణం, బాబాయ్. ఆ ఒక్క క్షణం ఆవిడ నిజంగానే అడిగింది. తరవాత తేరుకుంది. నేనింకా తేరుకోలేదు.

నాన్న నంబరు ఎందుకు రాశావు? ఆయన లేడని ఒప్పుకోవడం నీకు కష్టంగా ఉందని నాకు తెలుసు. నాకు మాత్రం తేలికగా ఉందా? దానికి ఇదా పద్ధతి? ఆయన పేరు మీద క్లాసు విని, మా ఇంటికి ఉత్తరం తెప్పించి? లేకపోతే లైసెన్సు పోవాలనే అలా చేశావా? షాపు మూతపడితే నీకు తిరిగి రావలసిన పని ఉండదనా? నాకేమీ అర్థం కావడం లేదు.

రాష్ట్ర ఆఫీసుకి ఫోన్ చేశాను. ఈ మనిషి జనవరిలో పోయారు, రికార్డు సరిచెయ్యండి అని చెప్పాను. ఆ పిల్ల పాపం సారీ చెప్పింది. కోపంతో నేను గట్టిగా మాట్లాడాను, అమ్మ పక్కనే ఏడుస్తోంది. ఏదో అయిందనిపించాను.

నీకు మాత్రం ఒక్క గంట కూడా లెక్కలోకి రాలేదు. జూలై తొమ్మిదిన మళ్ళీ క్లాసు ఉంది. వెళ్తే వెళ్ళు, లేకపోతే లేదని ఇప్పుడే చెప్పేసెయ్. షాపులో పనిచేసే ముగ్గురికీ పిల్లలున్నారు, వాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి.

డోరీన్


పోర్ట్ ఓకానర్
24 జూన్ 2011

డోరీన్‌కి,

నీ ఉత్తరం చదివి ఇవాళ పడవ కూడా తియ్యలేదు.

నేను వేళాకోళం చేశానా? మీ అమ్మతోనా? ఆవిడ పెళ్ళై మా ఇంటికొచ్చేనాటికి నాకు పదమూడేళ్ళు. నా చొక్కాలకి గుండీలు కుట్టిన మనిషి. ఆవిడని ఏడిపించి నవ్వుకునేవాణ్ణా నేను?

ఏ నంబరు రాయాలో అదే రాశాను. మన ట్రక్కు తలుపు మీద ఉన్న నంబరు. చట్టం ప్రకారం రెండు వైపులా రెండంగుళాల అక్షరాలతో రాయించాలి కదా, నువ్వే ఎన్నోసార్లు చదివి వినిపించావు. హోటల్ బయట నిలబడి తలుపు మీద చూసి చేతి మీద రాసుకుని లోపలికి వెళ్ళాను. మళ్ళీ బయటికి వచ్చి సరిచూసుకున్నాను కూడా. ఆ నంబరు ఎమిల్‌దా? ముప్పై ఏళ్ళు దాన్ని మన నంబరనే అనుకున్నాను. ఇద్దరికీ ఒకటే అనుకున్నాను.

నీకు తెలీదు తల్లీ. క్లాసులో కాగితం నేనెప్పుడూ నింపలేదు. రెండు కాగితాలూ ఎమిలే తీసుకునేవాడు, ఇద్దరివీ నింపేవాడు, "ఇక్కడ సంతకం పెట్టరా" అనేవాడు. నేను పెట్టేవాణ్ణి. డబ్బు కట్టేది ఆయన, గడువు గుర్తుపెట్టుకునేది ఆయన, జనంతో మాట్లాడేది ఆయన. నాకు లైసెన్సు ఉందని తెలుసు గానీ దానికి వేరే నంబరు ఉందని ఈ వయసులో నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. సిగ్గుగా ఉంది.

చేపల కోసం వచ్చానా ఇక్కడికి? ఆయన లేకుండా ఆ షాపులో నేనేం చెయ్యాలో తెలియక వచ్చాను. పొద్దున్నే వెళ్ళి నిలబడితే, ఇవాళ ఎక్కడికి వెళ్ళాలో చెప్పేవాడు లేడు. జనం ఫోన్ చేసేది ఎమిల్‌కి. వాళ్ళకి కావలసింది ఎమిల్. నేను ఆయన వెనకాల నిచ్చెన మోసేవాణ్ణి. అలాంటివాడి లైసెన్సు మీద ముగ్గురి ఇళ్ళు నిలబెట్టకు. పోనీ, నా లైసెన్సు అయిపోనీ. పక్క ఊళ్ళలో, యోకమ్‌లోనో షైనర్‌లోనో, లైసెన్సు ఉన్నవాణ్ణెవరినైనా జీతానికి పెట్టుకో. కోపంతో అనడం లేదు. మీ అందరి మంచికే అంటున్నాను.

మీ అమ్మకి క్షమాపణలు చెప్పు.

లాడ్డీ


మౌల్టన్
2 జూలై 2011

లాడ్డీ బాబాయ్,

ముందు కూర్చో. కూర్చున్నావా? నేను నిన్ను చంపేశాను.

ఎలా చెప్పాలో తెలీడం లేదు, వరసగా చెప్తాను. ఆ రోజు ఆఫీసుకి ఫోన్ చేశానని రాశాను కదా. నా ముందు రెండు నంబర్లూ ఒకే కాగితం మీద ఉన్నాయి, నాన్నదీ నీదీ. "ఒకే షాపు, ఒకే ఇంటిపేరు, పోయినాయన నంబరు ఏదండీ?" అని ఆ పిల్ల అడిగింది. నేను కళ్ళు తుడుచుకుంటూ చదివాను. కింది వరస చదివాను. నీది.

కాబట్టి ఇప్పుడు రాష్ట్రం లెక్కల్లో నాన్న బతికి ఉన్నాడు, కొత్తగా ఎనిమిది గంటలు చదువుకున్నాడు. నువ్వు పోయావు. నిన్ను అన్ని మాటలన్నాను. నువ్వు చేసిన పొరపాటే, అంతకన్నా ఘోరంగా నేనూ చేశాను.

పోయిన గురువారం ఆఫీసు నించి ఉత్తరం వచ్చింది, లైసెన్సుదారు మరణించినందున పని ఆపవలసిందని. రెండు ట్రక్కులూ షెడ్లో పెట్టేశాం. బయట ఎండ నూరు డిగ్రీలు దాటి మండిపోతోంది, మేం చేతులు కట్టుకుని కూర్చున్నాం. మళ్ళీ ఫోన్ చేస్తే, "ఒకసారి మరణం నమోదయ్యాక ఫోన్లో మార్చలేమండీ, ఆయనే స్వయంగా రావాలి" అంది. పోయినవాళ్ళు స్వయంగా ఎలా వస్తారని నేను అడగలేదు, అడిగే మొహం లేదు.

ఇంతటితో అయిపోలేదు. వృద్ధాశ్రమం నడిపే పాతెక్‌గారు ఉన్నారు చూడు, ఆవిడ కొత్త ఒప్పందం రాయించే ముందు మన లైసెన్సు కంప్యూటర్లో చూసుకున్నారు. "మరణించారు" అని ఉంది. అంతే! మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. ఆదివారం చర్చిలో ఫాదర్ ప్రార్థనలో పోయినవాళ్ళ పేర్లతో పాటు నీ పేరు చదివారు. అమ్మ లేచి నిలబడి "మా మరిది బతికే ఉన్నాడండీ, చేపలు పడుతున్నాడు" అని గట్టిగా చెప్పింది. పక్కావిడ అమ్మ భుజం నిమిరి "పాపం ఆగ్నెస్, ఒకే ఏడాదిలో ఇద్దరు" అని కళ్ళొత్తుకుంది. ఒక్కరూ నమ్మలేదు. నీ ఆత్మకి ప్రత్యేక ప్రార్థన పదిహేడో తారీఖున పెట్టించారు.

పరామర్శకని షాపుకి జనం వస్తూనే ఉన్నారు. గసగసాల కొలాచీ రొట్టెలు పళ్ళేలకి పళ్ళేలు తెస్తున్నారు. నేను ప్రతివాళ్ళకీ చెప్తున్నాను, పొరపాటు జరిగిందండీ, మా బాబాయ్ బాగానే ఉన్నాడండీ అని. సరేనమ్మా అని తల ఊపి, కూర్చుని, నీ గురించి మాట్లాడి వెళ్తున్నారు. నాకు తెలియని సంగతులన్నీ చెప్తున్నారు.

హ్యూగో ముసలాయన వచ్చాడు, కోళ్ళఫారం ఆయన. "ఎమిల్ వచ్చి ఎంతవుతుందో చెప్పేవాడు. లాడ్డీ వచ్చి బాగుచేసేవాడు. ఎమిల్‌తో మాట్లాడేందుకు బాగుండేది గానీ మేం ఎదురుచూసేది లాడ్డీ కోసమేనమ్మాయ్" అన్నాడు. అని ఏడ్చాడు. అంత మనిషి!

పాతెక్‌గారు చెప్పారు, ఒక ఆగస్టులో ఆశ్రమం ఏసీ చచ్చిపోతే, విడిభాగం వచ్చేదాకా నువ్వు ఇంటికి పోలేదట. ఐసు దిమ్మలు మోసి, తడి తువాళ్ళు పిండి, ఒక్కొక్కళ్ళ మెడ మీద వేస్తూ కూర్చున్నావట.

ఇంకొకావిడ, పేరు కూడా నేను విన్నది కాదు, చేతిలో చంటిదాని ఫొటోతో వచ్చింది. ఆ పిల్లకిప్పుడు పెళ్ళయిందట. పుట్టినప్పుడు ఎండకి గిలగిల్లాడుతుంటే నువ్వు కిటికీ ఏసీ ఒకటి తెచ్చి బిగించి, షాపులో ఊరికే పడి ఉంది, వాడుకోండి అన్నావట. అమ్మ అది విని నా చెవిలో చెప్పింది, అది షాపుది కాదు, వాడి పడగ్గదిలోది అని. ఆ వేసవంతా నువ్వు వరండాలో పడుకున్నావట.

నువ్వు ఎవరి వెనకాలో నిచ్చెన మోసేవాడివని నాకు రాశావు. ఆ ముక్క ఇక్కడ ఎవరితోనైనా అని చూడు, కొడతారు.

నీ ఎదురుగా నిలబడే ధైర్యం లేక ఇదంతా కాగితం మీద రాస్తున్నాను. జూలై తొమ్మిదిన విక్టోరియా క్లాసు. సోమవారం పదకొండున ఆస్టిన్‌లో రాష్ట్ర ఆఫీసు. డ్రైవింగ్ లైసెన్సు పట్టుకెళ్ళు. నీ నంబరు పెద్ద అక్షరాలతో వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను. అది నీదే, ఇంకెవరిదీ కాదు. వస్తావో రావో నీ ఇష్టం. యోకమ్‌లో జీతానికి దొరికేవాళ్ళున్నారు, నేను కనుక్కున్నాను. కానీ నాకు వాళ్ళు వద్దు. నాకు నువ్వు కావాలి బాబాయ్. నాన్న ఎలాగూ రాడు.

నీ డోరీన్


విక్టోరియా, బస్సుల స్టాండు ఎదురుగా ఉన్న హోటల్
12 జూలై 2011

డోరీన్ తల్లికి,

నీ ఉత్తరం చదివి ఎరల కొట్టువాడికి చూపించాను. వాడు నా చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. ఉందన్నాడు.

క్లాసుకి వెళ్ళాను. అదే హాలు, అదే మీసం. గుమ్మం దగ్గర కాగితం ఇచ్చారు. నువ్వు పంపింది జేబులోంచి తీసి చూసి నంబరు రాశాను. ముప్పై ఏళ్ళ తరవాత నా నంబరు నేను రాసుకోవడం ఇదే మొదలు. భోజనాల దగ్గర పోయినసారి ఆయనే మళ్ళీ వచ్చి "మీ అన్నగారు ఈసారి కూడా రాలేదా?" అన్నాడు. ఈసారి వినపడనట్టు ఊరుకోలేదు. ఎమిల్ జనవరిలో పోయాడండీ అన్నాను. ఆయన ప్లేటు కింద పెట్టి నన్ను కావలించుకున్నాడు. అంతమందిలో ఏడ్చాను తల్లీ. సమాధి దగ్గర కూడా ఏడవలేదు నేను, నీకు గుర్తుండే ఉంటుంది. మిగతా నాలుగు గంటలూ తెర మీద అక్షరాలు సరిగ్గా కనపడలేదు, కానీ కుర్చీలో కూర్చునే ఉన్నాను కాబట్టి లెక్కలోకి వస్తాయి.

నిన్న ఆస్టిన్ వెళ్ళాను. కిటికీ అవతల ఒక అమ్మాయి, నువ్వు ఫోన్లో కేకలేసింది ఈ పిల్ల మీదే అయ్యుండాలి, భయం భయంగా ఉంది. నా పేరు చూసింది, కంప్యూటర్ చూసింది, నన్ను చూసింది. ఏదో అంది. నాకు వినపడదమ్మా, రాసివ్వు అన్నాను. "సార్, మా రికార్డులో మీరు మరణించారు" అని రాసి ఇచ్చింది. అవునమ్మా, మా అన్నకూతురు చెప్పింది అన్నాను. లోపలికి వెళ్ళి పెద్దాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన నా ఫొటో కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి, నన్ను కూడా అటూ ఇటూ తిరగమన్నాడు. చాలాసేపు కూర్చోబెట్టారు. చివరికి మరణం ఎమిల్ నంబరుకి మార్చి, నా కాగితం మీద ముద్ర కొట్టి ఇచ్చారు. లైసెన్సు రెన్యూ అయింది. ట్రక్కులు బయటికి తియ్యండి. ముందు వృద్ధాశ్రమానికి పంపు, వాళ్ళు ఇన్నాళ్ళూ ఎలా ఉన్నారో ఏమో.

పదిహేడున ప్రార్థన రద్దు చెయ్యొద్దని ఫాదర్‌తో చెప్పు. నాకూ వెళ్ళాలనుంది. మీ అమ్మ పక్కన కూర్చుని వింటాను, పక్కావిడ ఏమంటుందో చూద్దాం.

నువ్వు రాసిన ఆ మనుషుల మాటలు మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ కిటికీ ఏసీ సంగతి మీ అమ్మకి తెలుసని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. గురువారం పొద్దున్నే వస్తున్నాను. ఎవరింటికి ముందు వెళ్ళాలో నువ్వు చెప్పక్కర్లేదు, నేనే ఫోన్ల దగ్గర కూర్చుని చూసుకుంటాను. వినేది నువ్వు వినిపెట్టు.

ఒక్క మాట మర్చిపోయాను. వచ్చేసేముందు ఆ అమ్మాయి ఇంకో కాగితం రాసి కిటికీలోంచి ఇచ్చింది. "మీ అన్నగారి పేరు మీద పొరపాటున పడిన ఎనిమిది గంటలు కొట్టెయ్యమంటారా?" అని. వద్దమ్మా, ఉండనియ్యి అన్నాను. ఆ రోజు మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం అన్నాను. ఆ పిల్ల ఏమీ కొట్టెయ్యకుండానే ఎమిల్ రికార్డు మూసేసింది.

ఇట్లు,
రాష్ట్రం వాళ్ళు కూడా ఒప్పుకున్న ప్రకారం బతికే ఉన్న
మీ లాడ్డీ బాబాయ్